మూడడుగుల తేడా

వీధి వైపు కొలిస్తే ముప్పై ఒక్క అడుగులు.
లోపల గదులూ గోడలూ కూడితే ఇరవై ఎనిమిది.
గౌరీసు టేపు చుట్టి మళ్ళీ విప్పాడు.
"ఏటి మేడమ్, ఇల్లు మూడడుగులు మింగీసిందేటి?"

విజయనగరం, మూడు లాంతర్ల వెనక సందులో
పొట్నూరు వారి మేడ.
మునిసిపాలిటీ కాగితంలో 'శిథిలం' అన్న మాట పడేలోగా
నక్షా తీసిమ్మన్నారు నన్ను.

మెచ్చుకోవాల్సినవన్నీ ముందు మెచ్చుకున్నాను.
కింది అంతస్తు పాతది. గానుగ సున్నం,
బెల్లమూ కరక్కాయ నీళ్ళూ తాగిన గోడ;
మేకు దించబోతే మేకే వంగింది.
పై అంతస్తు రంగూన్ డబ్బు.
వెళ్ళిన తమ్ముడు తిరిగి రాలేదు, టేకు దూలాలొచ్చాయి.
ఒక్కోదాని కొసన ఇంకా ఓ ముద్ర,
మన లిపిలాగే గుండ్రంగా, చదవరాకుండా.
కిటికీల నెత్తిన అర్ధచంద్రాల్లో రంగుటద్దాలు,
ఎర్రది పగిలినచోట బిస్కెట్ డబ్బా రేకు.
ముఖద్వారం మీద సున్నపు లతల నడుమ కట్టిన సంవత్సరం,
మూడో అంకె రాలిపోయి
ఏ సంవత్సరమూ కాకుండా.

తర్వాత సిమెంటొచ్చింది.
మండువాకి కప్పేసి వానని బయటికి పంపేశారు.
ఆ తర్వాత వాటాల గోడ,
హాల్లో గచ్చు మీది పూలని
సగానికి కోసుకుంటూ పోయింది.

అన్నీ లెక్కలోకొచ్చాయి, ఆ మూడడుగులు తప్ప.

కామేశం గారు పడక్కుర్చీలోంచి లేవకుండానే
"అప్పటి కట్టడాలు కదమ్మా, గోడలు మందం" అన్నారు.
మందం కలిపే కూడాను నేను.

వీధి గోడని తట్టుకుంటూ పోయాను.
కొబ్బరినూనె ప్రకటన కింద ఒకచోట డొల్లగా పలికింది.
దొడ్డివైపు తుప్పురేకులు లాగితే
సన్నటి సందు.
వెడల్పు రెండడుగుల మూడంగుళాలు. గోడ తొమ్మిది.
సరిపోయింది లెక్క.
ఎత్తు ఐదడుగులకి ఓ వేలు తక్కువ.
కిటికీ లేదు. ఇంట్లోకి ఒక్క గుమ్మం లేదు.
మరుగుదొడ్డి వెనక నుంచి వీధిలోకి, తిన్నగా.
సెప్టిక్ ట్యాంకు వచ్చిన ఏడు
వీధి కొస కట్టేసి, ఈ కొసకి రేకులు కొట్టారట.

"నాను దూరలేను బాబూ" అని గౌరీసు వెనక్కి తగ్గాడు.
నేను దూరాను.
కుడిగోడ ఇంకా గరుగ్గానే ఉంది, తాపీ గీతలతో సహా.
ఎడమగోడకి మాత్రం నడుం ఎత్తున
ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే చార,
నున్నగా, టార్చి వెలుగుని జారనిచ్చేంత నున్నగా.
ఇక్కడ వంగి నడవాలి. నెత్తిన బుట్ట పట్టదు.
చంకన పెట్టుకోవాలి.
నిండు బుట్ట బయటికొచ్చే వైపు అరిగిన గోడ అది.

మా మామ్మ అసిరమ్మ
కూచున్నా నించున్నా ఎడమకే ఒరిగి ఉండేది.
ఫొటోవాడు గడ్డం పట్టుకుని సరిచేస్తే
క్లిక్కుమనేలోగా మళ్ళీ ఒరిగిపోయేది.
వాతమనుకున్నాం అందరం,
నువ్వుల నూనె రాశాం.
ఎక్కడ చేసేదానివే అంటే
"ఆ మేడల్లోనే" అనేది.
మేడల్లో అనేది.

ఈ మేడే అని నేననను.
ఊళ్ళో ఇలాంటి చారలు
ఎన్ని గోడల మధ్యనున్నాయో ఎవరు కొలిచారు గనక.

నక్షాలో గదికో పేరు రాయాలి.
హాలు. పడకగది. వంట. పూజ.
"అదెందుకమ్మా వెయ్యడం, మూసేసిందేగా"
కామేశం గారు నా భుజం మీంచి చూస్తున్నారు.
స్కేలు ఒకటికి వంద.
పక్కపక్కనే రెండు గీతలు గీశాను.
మధ్యలో 'దారి' అని రాయబోతే చోటు చాల్లేదు.

అక్షరాల్ని కాస్త ఒరిగిస్తే పట్టాయి.